ప్రస్థానంలో మిగిలిపోయిన కంపాస్

నేను పిరికిదాన్ని. ఇంత చిన్న మాట బయటపెట్టడానికి నాకు నలభై ఏడేళ్లు పట్టింది.

చూసినవాళ్లెవరూ నమ్మరు. వికారాబాద్‌లో ఒక ప్రభుత్వ బడిలో నేను పీఈటీని. మెడలో విజిల్, నెత్తిమీద టోపీ, నోట్లో తిట్లు. గ్రౌండ్‌లోకి నేను వస్తున్నానంటే తొమ్మిదో తరగతి మొనగాళ్లు కూడా చొక్కాలు లోపలికి దోపుకుంటారు. మా ఆయన కూడా నాకు భయపడతాడని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకుంటారట. అది మాత్రం అబద్ధం. ఆయన నాకు భయపడితే మా ఇల్లు ఇంకాస్త శుభ్రంగా ఉండేది.

ఆరేళ్ల కిందట హైదరాబాద్ నుంచి కొందరు వచ్చి అనంతగిరి గుట్టల్లో ఓరియంటీరింగ్ అనే ఆట నేర్పుతున్నారంటే మా బడి పిల్లలను తీసుకొని పోయాను. చెప్పడానికి తేలికైన ఆట. అడవిలో అక్కడక్కడ నారింజ, తెలుపు రంగుల చిన్న జెండాలు కట్టి ఉంటాయి. చేతికి ఒక మ్యాపు, ఒక కంపాస్ ఇచ్చి, రెండేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరినే లోపలికి వదులుతారు. జెండాలన్నీ వరసగా వెతికి పట్టుకొని తక్కువ సమయంలో బయటికి వచ్చినవాళ్లు గెలిచినట్టు. దారి అడుగుదామంటే మనిషి కనిపించడు, కనిపించినా అడగకూడదు. ఎవరి దారి వాళ్లే చూసుకోవాలి.

సరిగ్గా అదే నాకు చేతకాదు. ఈ ఆరేళ్లూ పిల్లలను అడవిలోకి తోలి, నేను బయట గేటు దగ్గర బండమీద కూర్చునేదాన్ని. జెండాలు కట్టడానికి లోపలికి పోవలసి వస్తే ఇద్దరు పిల్లలను వెంట తీసుకుపోయేదాన్ని. "రాండ్రే, ఎట్ల కట్టాలో నేర్పిస్త" అనేదాన్ని. నేర్పడమూ లేదు, నా మొహమూ లేదు. తోడు కోసం తీసుకుపోయేదాన్ని. ఒంటరిగా యాభై అడుగులు కూడా లోపలికి వేసి ఎరగను.

ఈ భయం ఎక్కడ పట్టుకుందో నాకు బాగా తెలుసు. మేము తాండూరు వాళ్లం. మా నాయనది గంజ్‌లో కిరాణా దుకాణం. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా వీధి పిల్లలతో ఊరి బయట నాపరాయి గనుల దగ్గరికి ఆడుకోవడానికి పోయాను. దాగుడుమూతల్లో నేను ఒక గుంతలో దాక్కుంటే, వాళ్లు నా సంగతి మరిచిపోయి ఇళ్లకు పోయారు. పైకి వచ్చి చూస్తే ఏ పక్క చూసినా అవే గుంతలు, అవే రాళ్ల కుప్పలు. ఒక గుంత చుట్టూ తిరిగితే ఇంకో గుంత. అరిస్తే నా అరుపే తిరిగి వచ్చింది. ఎంతసేపు తిరిగానో తెలియదు, గౌను తడిసిపోయింది.

చివరికి రాళ్లు కొట్టే ఒక ఆమె నన్ను చూసి "యార మగళవ్వా నీను?" అంది. ఎవరి బిడ్డవని ఆమె కన్నడంలో అడుగుతుంటే మా నాయన పేరు కూడా నోటికి రాలేదు. ఆమె నన్ను చెయ్యి పట్టుకొని పెద్ద కుప్ప మీదికి ఎక్కించింది. "కింద తిరిగితే ఏం కనబడతది? తప్పిపోతే మీదికి ఎక్కాలె" అంది, వచ్చీరాని తెలుగులో. మీద నుంచి చూస్తే తాండూరు స్టేషన్ కళ్ల ముందే ఉంది. ఆమె మాట గుర్తుంది గానీ, భయం దానికంటే ఎక్కువ గుర్తుంది.

ఇదంతా నాలోనే దాచుకుని బతికేద్దును. కానీ పోయిన ఏడాది పదో తరగతిలో ఒక పిల్ల నా అబద్ధానికి బలైంది.

కుల్కచర్ల పక్క ఊరి పిల్ల. హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్లది పత్తి వ్యవసాయం. ఆ పిల్లలా మ్యాపు చదివేవాళ్లను నేను చూడలేదు. కాగితం చేతికిస్తే చాలు, ఏది వాగో ఏది గుట్టో గడగడా చెప్పేది. అలాంటిది ఒక ఆదివారం లోపలికి పోయిన పది నిమిషాలకే ఏడ్చుకుంటూ వెనక్కి పరుగెత్తుకొచ్చింది. పొదలో ఏదో కదిలిందట. అందరి ముందూ నేను తిట్లు ఎత్తుకున్నాను.

"ఏందే గా ఏడ్పు? సిగ్గు లేదా? చిన్న చిన్న పోరగాండ్లు పోయొస్తున్నరు. అడవి ఏమన్న నిన్ను మింగుతదా?"

ఆ పిల్ల కళ్లు తుడుచుకొని నన్ను చూసింది. ఎదురు తిరిగినట్టు కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మేడం, మీరెప్పుడన్న ఒక్కరే పోయిండ్రా?"

"మస్తుసార్లు పోయిన" అన్నాను. తడుముకోను కూడా లేదు.

మరుసటి ఆదివారం ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పది పాసై వికారాబాద్‌లోనే జూనియర్ కాలేజీలో చేరిందని విన్నాను. బస్టాండ్‌లో రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ నేనే చూడనట్టు మొహం తిప్పుకున్నాను. పీఈటీ మేడం ఒక పదహారేళ్ల పిల్లను చూసి పాన్‌డబ్బా వెనక్కి తప్పుకుందంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నమ్మరు.

ఆ తర్వాతే ఈ ప్రయాణం వచ్చిపడింది. మాకు ఆట నేర్పిన హైదరాబాద్ జట్టు దసరా సెలవుల్లో స్లొవేనియా అనే దేశానికి పోతోంది, ఒక చిన్న ఊళ్లో జరిగే చిన్న పోటీకి. పెద్ద వయసు వాళ్లకు కూడా వేరే పందెం ఉంటుంది, మీరూ వస్తారా మేడం అని అడిగారు. నేను వస్తానన్నాను. ధైర్యంతో కాదు, నా మీద నాకున్న కోపంతో. నన్ను ఎరిగినవాళ్లెవరూ లేని అడవిలో ఒక్కసారి ఒంటరిగా పోయి రావాలి. అప్పుడు ఆ పిల్లకు చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. బస్టాండ్‌లో తలెత్తుకొని ఎదురుపడొచ్చు. నేను వేసుకున్న పథకం ఇంతే.

వస్తానన్న రోజు నుంచే నిద్ర పోయింది. విమానం గురించి భయం, చలి గురించి భయం, అన్నిటికంటే ఆ అడవి గురించి భయం. మా ఆయన "గంత భయమైతే మానెయ్" అంటే ఆయన మీద గయ్యిన లేచాను.

బయలుదేరే ముందు అమ్మను చూడాలని ఆదివారం తాండూరు పోయాను. అమ్మ మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఇంట్లో కందిపప్పు గింజ కదలాలన్నా ఆమె చెప్పాలి. ప్రయాణం మంగళవారం అని వినగానే చేతిలో చేట కింద పెట్టేసింది.

"మంగళారం నాడు ఇంట్లకెల్లి కాలు బయట పెడ్తరా ఎవ్వలన్న? అండ్ల బతుకమ్మ ముంగట!"

"విమానం నాకోసం బుధారం దాంక ఆగదమ్మా."

"ఆగకుంటె మానె. ప్రస్థానం పెడ్త."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియలో ప్రయాణం చేసే మనిషి వస్తువు ఒకటి తీసుకుపోయి తెలిసినవాళ్లింట్లో పెడతారు. అప్పుడే మనిషి బయలుదేరినట్టు లెక్క. అసలు రోజున ఆ వస్తువు తీసుకొని, మళ్లీ ఇంటి గడప తొక్కకుండా పోవాలి. దీన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. చాలామంది ఒక చీరో, తువ్వాలో పెడతారు. మా అమ్మ అన్నిట్లో ఒక మెట్టు పైనే ఉంటుంది కదా. "పాత చీర పెడితే పాత చీర పోయొస్తది. నువ్వు దేని కొరకు పోతున్నవో గది తియ్" అంది.

నా చేతిసంచిలోంచి ఒక చిన్న జిప్పు పర్సు తీసిచ్చాను. అందులో నా కంపాస్, నా విజిల్ ఉన్నాయి. కంపాస్‌కు చిన్న భూతద్దం అమర్చి ఉంటుంది. నాకు చత్వారం వచ్చింది, మ్యాపులో సన్నగీతలు ఆ అద్దం లేకపోతే కనపడవు. అమ్మ పంచాంగం చూసి, కంపాస్ మీద పసుపు బొట్టు పెట్టి, మూడిళ్ల అవతల ఉండే పెద్దమ్మ వాళ్ల దేవుడి గూట్లో పెట్టి వచ్చింది.

మంగళవారం పొద్దున ఆటో వచ్చింది. రైలుకు టైమైపోతోంది. "పోయొస్తనమ్మా" అని కాళ్లు మొక్కి ఆటో ఎక్కాను. నా మనసంతా పాస్‌పోర్టు మీద ఉంది. సంచి తెరిచి పాస్‌పోర్టును ముట్టుకోవడం, మూయడం, మళ్లీ తెరవడం. ఆటో పెద్దమ్మ వాళ్ల ఇంటి ముందు నుంచే పోయింది. నేను తలెత్తలేదు.

వికారాబాద్ స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు మా ఆయన పెద్ద సూట్‌కేస్ డబ్బాలోకి తోసి "జర పైలం" అని జాగ్రత్త చెప్పాడు. శంషాబాద్‌లో జట్టును కలిసి, తనిఖీలన్నీ దాటి కుర్చీలో కూలబడ్డాక అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, కోపం చెయ్యకు. నీ ప్రస్థానం పెద్దమ్మోళ్ల ఇంట్లనే ఉంది."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"ఆటో గా ఇల్లు దాటంగనే చూసిన. గడపల నిలవడి చూస్తున్న గద."

"చూసి ఊకున్నవా? ఒక్క కేక ఎయ్యకపోయినవా?"

"పోయేటోళ్లను ఎన్కకెల్లి పిలుస్తరా? నీకు ఏమన్న అయితే? నోరు గట్టిగ మూసుకున్న."

"మరి ఫోన్ చెయ్యొచ్చు గద!"

"ఫోన్ గూడ పిలుసుడే గద. నువ్వు ఊరి పొలిమేర దాటినంక చేద్దామనుకున్న. గంతల పెద్దమ్మ వచ్చి ముచ్చట పెట్టింది. మరిచిన."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. విమానాశ్రయంలో అందరూ చూస్తుండగా తాండూరు భాషలో మా అమ్మను నానా మాటలూ అన్నాను. ఆమె అన్నీ విని, "సరే, పైలం బిడ్డా" అని పెట్టేసింది. ఇవన్నీ నమ్మొద్దని బడిలో పిల్లలకు నేనే చెబుతాను. ఆ రాత్రి మాత్రం పూర్తిగా నమ్మాను. నా ప్రయాణం పెద్దమ్మ వాళ్ల దేవుడి గూట్లో ఆగిపోయింది, నేను మాత్రం విమానం ఎక్కుతున్నాను. నాకు మంచి జరగదు, ఆ అడవిలోంచి నేను బయటికి రాను అని గట్టిగా అనిపించింది. విమానం లేస్తుంటే పక్క సీట్లో ముసలాయన చెయ్యి పట్టేసుకున్నాను. పాపం ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పోటీ జరిగే ఊరు చూస్తే ఇంకా దిగులేసింది. ఆ పక్కంతా సున్నపురాయి నేల. గోడలు రాయి, దారులు రాయి, ఇంటి కప్పులు కూడా రాతి పలకలే. మేము కాళ్ల కింద పరుచుకునేదాన్ని వీళ్లు నెత్తిమీద పెట్టుకున్నారనుకున్నాను. ఊరు దాటగానే అడవి. ఆ అడవి నిండా గుంతలు. ఎవరూ తవ్వినవి కావట, వానకు సున్నపురాయి కరిగి నేల తనంతట తనే కుంగిందట. ఇల్లంత లోతువి కొన్ని, బావి అంతవి కొన్ని. వాటిని చూడగానే నా చిన్నప్పటి గౌను గుర్తుకొచ్చింది. ఎక్కడ తప్పించుకున్నానో అక్కడికే టికెట్టు కొనుక్కొని వచ్చినట్టయింది.

జట్టులో ఒకమ్మాయి తన దగ్గరున్న రెండో కంపాస్ ఇచ్చింది. బొటనవేలికి తొడుక్కునే రకం, దానికి భూతద్దం లేదు. విజిల్ కూడా లేదని చెప్పడానికి నాకు నామోషీ అయింది. పీఈటీ మేడం దగ్గర విజిల్ లేదంటే పరువేం కావాలి? చదువుకునే కళ్లద్దాలు ఉన్నాయి కదా, వాటితో కానిచ్చేద్దామనుకున్నాను. పిల్లలకు మాత్రం నేను వందసార్లు చెప్పాను, విజిల్ లేకుండా అడవిలోకి పోవద్దని.

పొద్దున పోటీ. పొగమంచు, చలి. అటుకులు నోట్లో వేసుకుంటే మింగుడు పడలేదు. మొదలుపెట్టే చోట ఎర్రటోపీ పెట్టుకున్న ఒక ముసలామె పేర్లు పిలుస్తోంది. మా వయసు ఆడవాళ్లకు ఎనిమిది జెండాలు. మూడు గంటల్లో బయటికి రావాలి, రాకపోతే వెతకడానికి మనుషులు పోతారని చెప్పారు. నా ముందరామె పోయింది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో కడుపులో తిప్పుతోందని చెప్పి పక్కకు తప్పుకుందామా అని గట్టిగానే ఆలోచించాను. గడియారం కూసింది. ముసలామె నా భుజం మీద తట్టింది. పోయాను.

మొదటి నాలుగు జెండాలు ఎలా దొరికాయో నాకే తెలియదు. దారి పక్కనే ఉన్నాయి కాబట్టి దొరికాయి. ఆకులు చప్పుడైతే ఆగిపోయేదాన్ని, నా అడుగుల చప్పుడుకే వెనక్కి తిరిగి చూసేదాన్ని. చెట్ల మధ్య ఎవరైనా పరుగెత్తుతూ కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది, వాళ్లు మాయమైతే మళ్లీ పోయేది. నాలుగో జెండా దగ్గర దారి వదిలి చెట్లలోకి దిగాలి. దిగాను.

మ్యాపులో ఐదో జెండా ఒక చిన్న గోధుమరంగు సున్నా మధ్యలో ఉంది. ఆ ఆటలో గుట్టకూ సున్నాయే, గుంతకూ సున్నాయే. గుంత అయితే గీతకు లోపలివైపు సన్నటి ముల్లులాంటి గీత ఒకటి ఉంటుంది. పిల్లలకు ఇది నేనే బోర్డు మీద వేసి నేర్పుతాను. కానీ నా భూతద్దం తాండూరులో ఉంది. కళ్లద్దాలు పెట్టుకుంటే నా ఊపిరికే మసకబారాయి, తుడిస్తే మళ్లీ మసక. ముల్లు ఉందో లేదో కనిపించలేదు. అయినా నాకు అనుమానమే రాలేదు. తాండూరులో పుట్టిపెరిగినదానికి రాతినేలలో సున్నా కనిపిస్తే అది గుంత కాక ఇంకేమవుతుంది?

ఒక గుంతలోకి దిగాను, జెండా లేదు. పైకి వచ్చి ఇంకో గుంత. అక్కడా లేదు. మూడోది. నాలుగోదానిలోకి దిగాక అది ఇంతకు ముందు దిగినదే అని నా బూటు గుర్తులు చూసి తెలిసింది. అప్పుడు పైప్రాణాలు పైనే పోయాయి. మ్యాపులో నేనెక్కడున్నానో చూపించమంటే వేలు పెట్టడానికి చోటు లేదు.

అంతలో పక్క పొదలో ఏదో కదిలింది. పెద్దదే. నేను చూడలేదు. చూడకుండానే పరుగెత్తాను. రాయి తగిలి మోకాళ్ల మీద పడ్డాను. లేచి మళ్లీ పరుగెత్తాను. ఎటో తెలియదు. ఆయాసం వచ్చి ఆగాక, ఆ పిల్ల కూడా ఇలాగే పరుగెత్తి ఉంటుందని తట్టింది. ఆ పిల్లకు పరుగెత్తుకుంటూ రావడానికి గేటు ఉంది. గేటు దగ్గర నేను ఉన్నాను, తిట్టడానికి.

"ఎవలన్న ఉన్నరా?" అని అరిచాను. స్లొవేనియా అడవిలో తెలుగులో. గుంతలోంచి నా మాటే తిరిగి వచ్చింది. ఉత్త విజిల్ ఉన్నా చాలు, ఊది కూర్చునేదాన్ని. ఒక రాయి పక్కన కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. వెనక నుంచి ఎవరైనా నా పేరు పెట్టి పిలిస్తే బాగుండు, శకునం సంగతి తర్వాత చూసుకోవచ్చు అనిపించింది. ఎవరూ పిలవలేదు. ఆ నాడు గడపలో నోరు మూసుకొని నిలబడ్డ మా అమ్మ మీద మొదట కోపం వచ్చింది. తర్వాత ఆమె కూడా ఇంత భయంతోనే నోరు మూసుకుందేమో అనిపించి, ఇంకా ఏడుపొచ్చింది.

ఎంతసేపటికో రాళ్లు కొట్టే ఆమె మాట గుర్తుకొచ్చింది. తప్పిపోతే మీదికి ఎక్కాలె. ఎక్కడానికి ఏముందని చూస్తే, చెట్ల అవతల ఒక చిన్న మిట్ట, ఇంటి ఎత్తు ఉంటుందేమో, దాని మీద రాళ్లు. చేతులతో రాళ్లు పట్టుకొని పాకుతూ ఎక్కాను. పైనుంచి ఊరి గంటస్తంభం కనిపిస్తే చాలు, పందెం పాడుగాను, ఊళ్లోకి పోయి కూర్చుంటాననుకున్నాను.

మిట్ట మీద నారింజ, తెలుపు జెండా ఉంది.

చూసింది నిజమేనా అని చేత్తో పట్టుకొని చూశాను. నంబరు సరిపోయింది. ఐదో జెండా. అది గుంత కాదు, గుట్ట. గంటకు పైగా నేను గుంతల్లో వెతికింది ఇక్కడ నెత్తిన కూర్చొని ఉంది. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. కానీ ఇప్పుడు నేను ఎక్కడున్నానో నాకు తెలుసు. మ్యాపులో వేలు పెట్టడానికి చోటు దొరికింది.

అప్పటినుంచి భయం పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. ఆరో జెండాకూ భయపడ్డాను, ఏడోదానికీ భయపడ్డాను. పాత రాతిగోడ ఒకటి దొరికితే దాన్ని చెయ్యి వదలకుండా పట్టుకొని నడిచాను. వేలు మ్యాపు మీది నుంచి తియ్యలేదు. మూడు గంటలకు ఇంకా కొద్ది నిమిషాలు ఉందనగా చెట్లలోంచి బయటపడ్డాను. అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. నా పందెంలో నాదే ఆఖరు. ఎర్రటోపీ ముసలామె ఒక గ్లాసులో వేడి టీ తెచ్చిచ్చి, నా మోకాళ్ల నెత్తురు చూసి తన భాషలో ఏదో అంది. మందలించిందో, మెచ్చుకుందో తెలియదు. ఆమెను పట్టుకొని బోరున ఏడ్చాను.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. "వచ్చినవా బయటికి?" అంది, హలో కూడా అనకుండా. నేను పోయిన నాటి నుంచీ రోజూ పెద్దమ్మ వాళ్లింటికి పోయి ఆ పర్సు ముందు దీపం పెట్టి వస్తోందట. "నీ పర్సు నువ్వొచ్చి తీసుకునేదాంక గాడనే ఉంటది" అంది. తిరిగి వచ్చాక ఆ పర్సు నేనే పోయి తీసుకున్నాను, పసుపు బొట్టు ఎండి కంపాస్‌కు అంటుకుపోయి ఉంది.

సెలవులు అయ్యాక ఒక సాయంత్రం వికారాబాద్ బస్టాండ్‌లో ఆ పిల్ల కనిపించింది. ఈసారి పాన్‌డబ్బా వెనక్కి పోలేదు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"బాగున్నరా మేడం? ఏదో దేశం పోయి ఆడొచ్చిండ్రంట గద?" అంది, చూపు కొద్దిగా పక్కకు పెట్టి.

పోయాను, ఒక్కదాన్నే పోయాను, చూశావా అని చెప్పాలని వచ్చేటప్పుడు విమానంలో ఎన్నిసార్లో అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "గా దినం నీకు అబద్ధం చెప్పిన. నేను ఎన్నడు ఒక్కదాన్నే పోలే. మొన్ననే మొదటిసారి పోయిన. మస్తు భయమైంది. పొదల ఏదో కదిలితే ఉరికిన. లోపట కూసోని ఏడ్చిన."

ఆ పిల్ల పక్కకు పెట్టిన చూపు నా వైపు తిప్పింది. "మీకు గూడ భయమైతదా మేడం?"

"నీకన్న ఎక్కువ."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గా ముచ్చట గా దినమే చెప్తే నేను ఇడ్సిపెట్టకపోదు గద. నాకొక్కదానికే భయమనుకున్న. నేనే దేనికి పనికిరాననుకున్న."

అంతలో కుల్కచర్ల బస్సు వచ్చింది. ఆ పిల్ల బ్యాగు సర్దుకొని జనంలో పడి పోతోంది. పోయేవాళ్లను వెనక నుంచి పిలవకూడదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న మాట. పిలిచాను. బస్టాండంతా వినేటట్టు పిలిచాను.

"ఆదివారం వస్తవా?"

మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. "ముందుగాల మీరు పోవాలె. ఒక్కరే. నేను గేటు కాడ కూసుంట."

ఆదివారం ఆ పిల్ల వచ్చింది. నా బండమీద కూర్చుంది. నేను ఒక్కదాన్నే లోపలికి పోయాను. ఆరేళ్లుగా ఎరిగిన అనంతగిరి అడవే, అయినా భయం ఎప్పటిలాగే ఉంది. బయటికి వచ్చేసరికి చెమటతో ముద్దయి ఉన్నాను. ఆ పిల్ల లేచి నా చేతిలోంచి మ్యాపు తీసుకుంది. నేను మెడలోని విజిల్, పసుపు బొట్టు ఉన్న కంపాస్ తీసి ఇచ్చాను. ఆ పిల్ల లోపలికి పోయింది. నేను బండమీద కూర్చున్నాను. మలుపు దగ్గర దాని వీపు చెట్లలో కలిసిపోతుంటే, పైలం అని ఒక్కసారి పిలవాలని నోటిదాకా వచ్చింది. గడపలో నిలబడ్డ అమ్మలా నోరు గట్టిగా మూసుకున్నాను.